పొరుగింటి ప్రస్థానము

చైత్రము ప్రవేశించి పది దినములు గడచినను చలి తన యధికారమును విడువనొల్లక సందుసందునను కాపలా కాయుచుండిన లండను మహానగరమున, పగలెల్ల సన్నని తుంపరలచేత దడిసి సాయంకాలపు మసక వెలుగులో నెఱ్ఱవాఱిన యిటుకగోడల గృహపంక్తుల ముంగిట, ఆకొక్కటియైనను లేక పువ్వులే పువ్వులై నిలిచిన చెఱ్ఱీవృక్షములు గాలి విసరినప్పుడెల్ల శ్వేతదళములను వీధినిండ రాల్చుచు, ఎండ యెఱుగని యా వసంతమునకు తామే సాక్షులమన్నట్లు నిలిచియుండెను. ఆ దేశపు వసంత మట్టిదే. సూర్యుడు రెండు గడియలసేపు కనబడెనేని యిరుగుపొరుగువా రాముచ్చటను మూడునాళ్లు చెప్పుకొందురు.

అట్టి యొక సోమవారపు సాయంకాలమున ఆ పంక్తిలోని చిన్నయింటి వంటగదియందు బల్లకు చెరియొక ప్రక్కను గూర్చుండి యిరువురు స్త్రీలు వాదించుకొనుచుండిరి. అందు పెద్దయామె, గోదావరీతీరసమీపస్థమగు రామచంద్రపురమున బాలికల యున్నతపాఠశాలయందు చిరకాలము గణితము బోధించి ప్రధానోపాధ్యాయినిగా విశ్రాంతి గైకొనిన యరువదితొమ్మిదేండ్ల హైమవతమ్మ. చిన్నయామె, ఆ నగరమున వీధిదీపముల శాఖలో ఇంజనీరుగా నుద్యోగించుచు మేనత్తను తన యింట నిలుపుకొనిన తమ్ముని కూతురు వైదేహి. పెద్దయామె ముందర నూతనసంవత్సరపు పంచాంగము విప్పియుండెను. చిన్నయామె ముందర రైళ్లవేళలు వ్రాసికొనిన కాగితముండెను. వాదమునకు గారణము బుధవారమునాటి పారిస్ ప్రయాణము.

సముద్రగర్భమున ద్రవ్విన సొరంగమున బడి రెండున్నరగంటలలోపల నొక రాజ్యపు రాజధానినుండి వేఱొక రాజ్యపు రాజధానికి జనులను జేర్చు నా శీఘ్రగామి ధూమరహితశకటము నెక్కుట యామెకు వినోదయాత్ర గాదు. పారిస్ నగరమున నామె చెల్లెలు త్రిపురసుందరి కంఠవ్రణపీడితయై యుండెను. గురువారము ప్రాతఃకాలమున వైద్యులు శస్త్రచికిత్స చేసి యామె స్వరపేటికను తొలగింప నిశ్చయించిరి. పిమ్మట నేదో యంత్రసాహాయ్యమున నామె మరల మాటలాడ నేర్చునని వైద్యులు ధైర్యము చెప్పిరి గాని ఆ మాట త్రిపురసుందరి గొంతుకతో వచ్చునది గాదు. ఆ గొంతుకను బుధవారము సాయంకాలము ఆసుపత్రి తలుపులు మూయు ఆఱుగంటలలోపల వినవలయును. వినకున్న నిక లేదు.

అది యేమి యంత పెద్దమాట, ఫోనున వినరాదా యని చదువరి యడుగవచ్చును. అడుగవలసినదే. త్రిపురసుందరి, ఫ్రెంచి పౌరసత్వముగల యానాము కుటుంబీకుని బెండ్లియాడి పారిస్ చేరియుండెను. ముప్పదియొక్క సంవత్సరముల క్రిందట, తల్లి ప్రాణావసానసమయమున తంతివార్త యందుకొని బయలుదేరియు సకాలమునకు రాలేకపోయెను. తల్లి రెండుదినములు గుమ్మమువైపు జూచుచు "త్రిపుర వచ్చిందా?" యని పలుమాఱులడిగి అడిగి కన్నుమూసెను. చితి చల్లారిన పిదప గుమ్మమున నిలిచిన చెల్లెలిని లోనికి రమ్మనక, ఆలస్యమునకు గారణ మేమని యైన నడుగక, "నీ గొంతు ఇంక నా చెవిన పడకూడదు" అని హైమవతమ్మ తలుపు వేసికొనెను. అది మొదలు పారిస్ నుండి యెన్నిమాఱులు ఫోను వచ్చినను ఆ కంఠము వినబడగనే పెట్టివేయుచుండెను. అట్టి మనుష్యురాలు, చెల్లెలి గొంతుక పోవుచున్నదని వైదేహివలన విన్ననాటినుండి నిద్ర దూరమై, ఇన్నేండ్లు విననని పెట్టివేసిన యా ఫోనులోనే యిప్పుడు క్షమింపుమని వేడుకొనుటకు సిగ్గుపడి, ఎదుట నిలిచి చేయి పట్టుకొనియే యడుగవలెనని పంతము పట్టి, ఇంగ్లండు వీసా యొకటి ఫ్రాన్సు వీసా యొకటి సంపాదించుకొని యింతదూరము వచ్చెను. ఆ రెండవ వీసా బుధవారము మొదలుకొనియే చెల్లునని ముద్రవేయబడి యుండెను. అందుచే ముందుగా బోవుటకు వీలులేదు. ఆ దినములు పాఠశాలల సెలవులగుటచే బుధవారము ఉదయము తొమ్మిదిన్నర బండియందు దక్క పగటిబండ్లయందెందును చోటు లేదు.

"పెద్దత్తా, ఇది మన సర్కారు ఎక్స్‌ప్రెస్ కాదు" అని వైదేహి యనెను. "తొమ్మిదిన్నర బండికి తొమ్మిదింటికే గేటు మూసేస్తారు. పాస్‌పోర్టులు చూడాలి, సామాన్లు చూడాలి. ఏడింటికి గడప దాటామా సరేసరి. లేకపోతే అంతే సంగతులు."

"గడప దాటడానికేం, దాటొచ్చు. బుధవారం మఘే! ఇవాళ పుష్యమి, రేపు ఆశ్లేష, ఎల్లుండి పొద్దంతా మఘ. మఘలో ప్రయాణం ఎవరైనా పెట్టుకుంటారా? మీ ఊరి టైముకి మార్చే చూశాను, నాకు లెక్కలు రావనుకోకు."

లెక్కలయందామెకు దప్పు రాదు. తెలుగుదేశమునకు గట్టిన పంచాంగమును లండను వేళలకు దిద్ది, ఆ దేశస్థులు వేసవికై ముందుకు జరుపుకొను గంటను గూడ కలుపుకొని, నిమిషము తేడా లేక లెక్కించియే చెప్పెను.

"మరి చిన్నత్తకి కోసే డాక్టరుకి మఘ తెలుసా, పుబ్బ తెలుసా?" అని వైదేహి విసుగుకొనెను. "నువ్వెళ్లేది పెళ్లి చూపులకి కాదు పెద్దత్తా!"

ఆ మాట ములుకువలె దాకి హైమవతమ్మ పంచాంగముపై తల వంచుకొనెను. కోపము వచ్చినదో దుఃఖము వచ్చినదో మేనకోడలు పోల్చుకొనలేక నాలుక కఱచుకొనెను. పిమ్మట నామె తలయెత్తి, దానికొక యుపాయము పూర్వులు చెప్పియే యున్నారనియు, దానిపేరు ప్రస్థానమనియు చెప్పెను. బయలుదేరవలసినదినము మంచిది గానిచో, అంతకుముందే శుభనక్షత్రమున ప్రయాణపు వస్తువు కొన్నిటిని మూటగట్టి పోవలసిన దిక్కునగల పొరుగింట నుంచవలయును. ఆ క్షణముననే ప్రయాణము మొదలైనట్లు లెక్క. తరువాత నే దినమున బోయినను దోషము లేదు. అయితే ఆ మూట మరల మన గడపలోనికి రాగూడదు. పోవునప్పుడే పుచ్చుకొని యటనుండి యటే పోవలయును.

వైదేహి యెగిరి గంతువేసినంత పనిచేసెను. "అంతేనా? ఓ సంచి పక్కింట్లో పెడితే సరిపోతుందా? అయితే ఇప్పుడే పెట్టేసి రా, నా తల్లే!"

ఇరువురికిని తృప్తియయ్యెను. బుధవారము ఏడుగంటలకు బయలుదేరుటకు బెద్దయామె యొప్పుకొనెను. పంచాంగమును గూర్చి యిక నొక్కమాటయైన ననరాదని చిన్నయామె యొప్పుకొనెను. ఇంతకంటె సొగసైన రాజీ యేలోకమున నున్నది? ఆ రాజీయే యీ కథలోని వినాశమునకు మూలమయ్యెను.

హైమవతమ్మ లోపలిగదికి బోయి తలుపు చేరవేసికొని యొక గుడ్డసంచిలో గుప్పెడు బియ్యము, పసుపుకొమ్ము, మడతచీర యొకటి యుంచెను. అంతటితో నామెకు దనివి తీఱలేదు. ఎవరి ప్రయాణమున కేది ప్రాణమో దానినే ప్రస్థానమున నుంచవలెనని తండ్రి చెప్పుచుండిన మాట మనసునకు వచ్చెను. ఈ ప్రయాణమునకు బ్రాణమేది? బియ్యమా, చీరయా? రెండురాజ్యముల ముద్రలుగల పాస్‌పోర్టు గదా! ఆమె దానిని పసుపుబొట్టు పెట్టి మడతచీర నడుమ భద్రముగా నుంచి సంచిమూతి ముడివేసెను. ఈ సంగతి వైదేహికి జెప్పవలెనని యామెకు దోచలేదు. తోచినను చెప్పియుండదు.

దక్షిణపు బ్రక్కయింట హిల్డా యను డెబ్బదినాలుగేండ్ల దొరసాని యొంటరిగా గాపురముండెను. రోజాచెట్లతో మాటలాడుచు బ్రతుకు సౌమ్యురాలు. హైమవతమ్మ సంచిని చేతికిచ్చి, తాను వచ్చి యడుగువఱకు దాచియుంచుడని పాఠశాల యింగ్లీషున గోరగా హిల్డా సంతోషముతో నందుకొని, "ఎక్కడికైనా ప్రయాణమా?" యని చిఱునవ్వుతో నడిగెను. అయ్యయ్యో! ప్రయాణోన్ముఖులను ఎక్కడికని యడుగరాదని పాప మాయమ్మ కెవరు చెప్పిరి? హైమవతమ్మ ముఖము చిన్నబోయెను. శకునదోషనివృత్తికై యచ్చటనే కూర్చుండి మంచినీళ్లడిగి త్రాగి, ఎక్కడికనియు జెప్పక, ఏనాడనియు జెప్పక, ఏవేళ కనియు జెప్పక లేచివచ్చెను. తూర్పుదేశపు మర్యాద యిట్టిది కాబోలునని హిల్డా సంచిని బీరువాలో బెట్టుకొనెను.

మంగళవారమున వైదేహి పెట్టెలు సర్ది, టికెట్లు సరిచూచి, "పాస్‌పోర్టు జాగ్రత్తగా ఉందా పెద్దత్తా?" యని యడిగెను.

"ఎందరు పిల్లల్ని పరీక్షలకి తీసుకెళ్లేనో తెలుసా నీకు? హాల్‌టికెట్టు ఒక్కటి పోయిందా? నన్నడుగుతున్నావు!" అని హైమవతమ్మ కసరెను. ఆ కసరున కెదురాడు సాహసము ఆ వంశమున నెవరికిని లేదు.

బుధవారము వచ్చెను. ఏడుగంటలకు బెట్టెలతో నిరువురును గడప దాటి హిల్డా తలుపుగంట నొక్కిరి. లోపల గంట మ్రోగిన చప్పుడు వినబడెను గాని యడుగుల చప్పుడు వినబడలేదు. మరల నొక్కిరి. కిటికీ తట్టిరి. పేరెత్తి పిలిచిరి. ఎదుటి యింటివా డొకడు కుక్కను నడిపించుచు వచ్చి, బుధవారములయందు హిల్డా తెల్లవాఱకముందే చెఱువున నీతకు బోవుననియు, ఎముకలు కొఱుకు చలియైనను మానదనియు, ఫోను వెంట గొనిపోవు నలవాటు లేదనియు జెప్పి తన దారిని బోయెను.

"బియ్యమే కదా పెద్దత్తా, ఉండనీ. వచ్చాక తీసుకుందాం. పద పద" అని వైదేహి పెట్టె లాగెను.

హైమవతమ్మ కదలలేదు.

"అందులో పాస్‌పోర్టు ఉందే."

వైదేహి మొదట నర్థముచేసికొనలేదు. చేసికొనినపిదప పెట్టె వదలివైచి నెత్తి పట్టుకొని యా మెట్టుమీదనే చదికిలబడెను. "అయ్యో పెద్దత్తా! అయ్యో! ఎంతపని చేశావే పెద్దత్తా!"

తిట్టిన బాగుండెడిది. ఆమె తిట్టలేదు. ఆ చలిలో నా మెట్టుమీద మేనత్తయు మేనకోడలును గంటన్నరసేపు గూర్చుండిరి. తాళము పగులగొట్టుదమా యని యొకమాఱు వైదేహి లేచెను. పరదేశమున నట్టిపని చేసినచో పారిస్‌కు గాదు ఠాణాకు బోవలసివచ్చునని మరల గూర్చుండెను. ఎనిమిదిగంటల ముప్పదియైదు నిమిషములకు తడిసిన తలకు తువ్వాలు చుట్టుకొని యెఱ్ఱనిముఖముతో హిల్డా వచ్చి, సంగతి విని, "ఒక్కమాట చెప్పి ఉంటే ఈవేళ ఈతకే వెళ్లేదాన్ని కాదే!" యని కన్నుల నీరుపెట్టుకొని సంచి తెచ్చియిచ్చెను. మఘయు లేదు పుబ్బయు లేదు, టాక్సీ యెక్కిరి.

స్టేషను చేరునప్పటికి తొమ్మిది దాటి యెనిమిది నిమిషములయ్యెను. గేటు మూయబడియుండెను. అచ్చట నీలపుదుస్తులు ధరించి నిలిచిన యువతి మర్యాదగా చేయి యడ్డము పెట్టెను. గోడపై వెలుగుచుండిన పలకమీద నాబండి పేరింకను నుండెను. మఱి యిరువదిరెండు నిమిషములవఱకు నదియచ్చటనే నిలిచియుండునని యా పలకయే చెప్పుచుండెను.

"అమ్మాయీ, బండి కదల్లేదు కదమ్మా. ఎనిమిది నిమిషాలేగా. నా చెల్లెలు..." అని హైమవతమ్మ యింగ్లీషున నారంభించి పూర్తిచేయలేకపోయెను.

"ఎనిమిది నిమిషాలైనా ఒక్క నిమిషమైనా ఒకటేనండి. వేళకి వచ్చినవాళ్లు లోపల ఉన్నారు. నేను తీయలేను, క్షమించండి" అని యాయువతి పలికెను.

ఆ పలుకున గ్రౌర్యము లేదు. హైమవతమ్మ పండ్రెండేండ్లు ప్రతిదినమును, పాఠశాలగంట మ్రోగగనే యినుపగేటునకు దనచేతితో దాళము వైచి, చెమటలు గాఱ బరుగెత్తివచ్చి కమ్ములు పట్టుకొని నిలిచిన పల్లెపిల్లలతో నచ్చముగా నీమాటనే చెప్పియుండెను. బస్సు రాలేదని కొందఱు, అమ్మకు జ్వరమని కొందఱు చెప్పబోవుచుండెడివారు. ఆమె వినెడిది కాదు. వినినచో రేపు మఱి పదిమంది యాలస్యముగా వత్తురని యామె లెక్క. ఇప్పుడామె యా యువతిని నిందింపక ప్రక్కనున్న బల్లపై గూర్చుండెను. పగటిబండ్లయం దెందును చోటు దొరకలేదు. సాయంకాలము ఏడుగంటల బండిలో మాత్రము రెండు సీట్లు దొరకెను. అది పారిస్ చేరునప్పటికి ఆసుపత్రి తలుపులు మూయబడియుండును.

"ఫోను కలపవే వైదేహీ" అని హైమవతమ్మ యనెను.

మూడు మ్రోతల పిదప బొంగురువోయి మెత్తనైన యొక కంఠము వినవచ్చెను. ముప్పదియొక్క సంవత్సరములనుండి యా కంఠము వినబడగనే ఫోను పెట్టివేయ నలవాటుపడిన చేయి యీమాఱు దానిని చెవికి గట్టిగా నదుముకొనెను.

"వైదేహీ, ఎక్కేరా అమ్మా?"

"నేనే త్రిపురా."

"అక్కా? ఎక్కడున్నావే?"

"లండన్‌లోనే ఉన్నానే. బండి తప్పిపోయింది. నా మూలాన్నే తప్పిపోయింది. రేపు నిన్ను కోసేశాక గానీ నీ మొహం చూడలేను." తలుపు వేసికొనిననా డడుగని మాటను హైమవతమ్మ యాక్షణమున ఫోనుననే యడిగెను. "ఆవేళ ఎందుకు ఆలస్యమైందే త్రిపురా?"

"ఇప్పుడడుగుతున్నావా?" అని త్రిపురసుందరి నవ్వెను. నవ్వు దగ్గుగా మాఱి యడగినపిదప మరల నిట్లనెను. "మద్రాసులో దిగేను. సాయంత్రం బండికి టికెట్టు చేతిలోనే ఉంది. ప్లాట్‌ఫారం మీద కూచున్నాను. బండొచ్చింది. ఎక్కలేదే అక్కా. అమ్మని ఆ మంచం మీద చూడాలంటే భయమేసింది. కాళ్లు రాలేదు. నా కళ్లముందే వెళ్లిపోయింది. తర్వాత బండికి వచ్చేను. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ మరిదికి కూడా. నువ్వు తలుపేసుకోవడం న్యాయమే."

జనసమ్మర్దముగల యా విశాలమందిరమున పెట్టెల చక్రముల రొదనడుమ హైమవతమ్మ కొంగు నోట గ్రుక్కుకొని యేడ్చెను. వైదేహి ముఖము త్రిప్పుకొనెను.

"కాదే! నాదీ భయమే" అని హైమవతమ్మ తుదకనెను. "మఘా కాదు, మన్నూ కాదు. నీ ఎదురుగా ఎలా నిలబడాలో తెలీక సంచులూ మూటలూ అని కూచున్నాను. నిజంగా వచ్చేదాన్నైతే పాస్‌పోర్టు పక్కింట్లో పెడతానటే?"

"పక్కింట్లో పెట్టేవా? ప్రస్థానమా! అయ్యబాబోయ్, నాన్న కూతురువే నువ్వు!" మరల నవ్వు, మరల దగ్గు. "పోనీలే, రేపే రా. నాకు మాట లేకపోతే ఏం? నువ్వుండగా నన్నెప్పుడు మాట్లాడనిచ్చేవు గనక!"

అంతలో నర్సు వచ్చి రక్తపరీక్షకు బిలిచెను. పిమ్మట డాక్టర్లు వత్తురనియు, గొంతుకు విశ్రాంతి యియ్యవలెననియు, ఇక ఫోను కుదరదనియు ద్రిపురసుందరి చెప్పెను. "ఉంటానే అక్కా" అనెను. మనమందఱము ఫోను పెట్టివేయునప్పు డనుకొను మాటయే గాని వేఱొకటి గాదు. ఆ కంఠమునుండి హైమవతమ్మ వినిన కడపటిమాట యదియే.

గురువారపు మధ్యాహ్నమున పారిస్ నగరమందలి యా యాసుపత్రి మూడవ యంతస్తున, తెల్లని గోడలు తెల్లని దుప్పట్లు గల చిన్నగదిలో, కంఠమునకు గట్లు కట్టబడి గొట్టములు గ్రుచ్చబడిన త్రిపురసుందరి కన్నులు విప్పెను. చికిత్స నెఱవేఱినదని వైద్యులు చెప్పియుండిరి. మంచము ప్రక్కను దన యక్క కూర్చుండియుండెను. తలలు రెండును నెఱసిపోయెను. ఒకరినొకరు గుర్తుపట్టుటకు రెప్పపాటు కాలము పట్టెను. చెల్లెలు నోరు తెఱచెను. శబ్దము రాలేదు. అలవాటుచే దెఱచి, రాదని యప్పుడే తెలిసికొనిన యామె కన్నుల భీతి కదలెను. హైమవతమ్మ యా చేయి పట్టుకొని, తానంతదూరమునుండి మనసున గూర్చుకొనివచ్చిన క్షమాపణవాక్యములను మఱచి, నోటికి వచ్చినది మాటలాడ మొదలుపెట్టెను.

గోదావరి పొంగి వీధిలోనికి వచ్చినప్పుడు బీరువా యెట్లు తేలినదో చెప్పెను. తమ్ముని పెండ్లిలో వంటవాండ్రు పులిహోరలో నుప్పు మఱచిన వైనము చెప్పెను. అమ్మచీరలలో నీలపుదానిని త్రిపురకని దాచియుంచితిననియు, చిమ్మటలు కొట్టెననియు, అయినను పాఱవేయలేదనియు జెప్పెను. ఎవరెవరు పోయిరో, ఎవరికెందఱు పిల్లలో చెప్పెను. నడుమ నాగి, క్రిందుచూపు చూచుచు, "నువ్వు ఫోను చేసినప్పుడల్లా పెట్టేసేదాన్నే కానీ, మళ్లీ మోగుతుందేమోనని ఆ పక్కనే కూచునేదాన్నే. గంటేసి కూచునేదాన్ని" అనెను. త్రిపురసుందరి కన్నీరు చెవులవైపు కాఱెను. ఆమె యక్కవేళ్లను రెండుమాఱులు నొక్కెను.

ఆఱుగంటలకు నర్సు వాకిట నిలిచి, చూడవచ్చినవారిక లేవవలెనని ఫ్రెంచిభాషలో మెల్లగా జెప్పెను. వైదేహి యా మాటను దెలిగించి చెప్పెను. హైమవతమ్మ వినెను. విని, కుర్చీని మంచమునకు మఱింత దగ్గఱగా జరుపుకొని, "ఆ తర్వాత ఏమైందంటే త్రిపురా..." యని మరల నారంభించెను.